‘చామంతుల వాసన’ కథలో ప్రతీకల్ని పట్టుకోవడం ఎలా: అంచెలంచెలుగా

డిగ్రీలో ఉండగా ఈ కథ మీద నేను రాసిన వ్యాసమంతా ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. "చామంతి మరణానికి ప్రతీక." పదికి ఆరు మార్కులొచ్చాయి, నాకూ తృప్తిగానే ఉండింది. చాలా ఏళ్ల తర్వాత మా చెల్లెలి కూతురు పరీక్షలకి చదువుతూ, అదే కథ కింద ఏదో గైడులో ఉన్న అదే వాక్యాన్ని నాకు చూపించి "ఇంతేనా పెద్దమ్మా?" అంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని మళ్లీ చదివాం. అప్పుడు ఏ వరసలో చదివామో, ఏ ప్రశ్నలు పనికొచ్చాయో, ఎక్కడ తప్పటడుగు వేశామో అదంతా ఇక్కడ రాస్తున్నాను. పరీక్ష కోసమైనా, ఊరికే ఇష్టంకొద్దీ అయినా ఈ పద్ధతి ఇంకో కథకీ వాడుకోవచ్చు.

కథ పేరు ‘ఓడర్ ఆఫ్ క్రిసాంథమమ్స్’, రాసింది డి.హెచ్. లారెన్స్. 1909లో రాశాడు, 1911 జూన్‌లో ‘ఇంగ్లిష్ రివ్యూ’ పత్రికలో వచ్చింది, తర్వాత బాగా మార్చి 1914లో కథల సంపుటిలో వేశాడు. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గు గనుల ప్రాంతం. ఎలిజబెత్ బేట్స్ అనే గర్భిణి, ఇద్దరు పిల్లలు, షిఫ్టు అయిపోయినా ఇంటికి రాని భర్త వాల్టర్. తాగుడు దుకాణంలో కూర్చున్నాడని ఆవిడ మండిపడుతూ ఎదురుచూస్తుంది. రాత్రి పదిన్నర దాటాక అతని శవం వస్తుంది. ఇంతే కథ. ముగింపు చెప్పేశానని బాధపడకండి, ఈ కథలో సస్పెన్స్ మొదటి సగంలోనే తేలిపోతుంది, అసలు కథ శవం వచ్చాక మొదలవుతుంది.

మొదటి అంచె: పెన్సిల్ లేకుండా ఒకసారి

మొదటిసారి దేనికిందా గీతలు పెట్టకండి. ప్రతీకల కోసం వెతుకుతూ చదివితే కనిపించిన ప్రతి కోడిపెట్టా ప్రతీకే అనిపిస్తుంది (ఈ కథలో కోళ్ల గూడు కూడా ఉంది, జాగ్రత్త). ఒక భార్య కోపంగా భర్త కోసం ఎదురుచూస్తున్న కథగా చదవండి. మీకు ఎక్కడ ఒంట్లో ఇబ్బందిగా అనిపించిందో అది మాత్రం గుర్తుపెట్టుకోండి. నాకైతే శవాన్ని లోపలికి తెస్తున్నప్పుడు ఒకతని చెయ్యి తగిలి పూలకుండీ పగిలిపోవడం, ఆవిడ భర్త వైపు చూడకుండా ముందు ఆ ముక్కలూ పూలూ ఏరి, నేలమీది నీళ్లు గుడ్డతో తుడవడం. ఆ రెండు వాక్యాల దగ్గర పుస్తకం మూసేశాను. ప్రతీక ఎక్కడుందో మీ ఒంటికి మీకన్నా ముందే తెలుస్తుంది.

మన దగ్గర సింగరేణి ఊళ్లలో, బాయి పనికి పోయినవాళ్ల ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ కథలో సగం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. షిఫ్టు దిగే టైం దాటాక ఒక్కో అడుగుల చప్పుడుకీ గుమ్మం వైపు చూడటం అంటే ఏమిటో వాళ్లకి తెలుసు. మిగతావాళ్లం కొంచెం నెమ్మదిగా చదవాలి.

రెండో అంచె: చిట్టా రాయండి, పక్కన టైం వెయ్యండి

రెండోసారి చదివేటప్పుడు ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఏ వస్తువు, ఎవరి చేతిలో, ఎంతకి. అర్థాలు రాయకండి, ఇప్పుడే వద్దు. ఈ కథకి టైం ఎందుకంటే రచయిత గడియారాన్ని ఆపకుండా కొడుతూనే ఉంటాడు. సాయంత్రం టీ వేళ, ఎనిమిది గంటలు కొట్టగానే ఆవిడ కుట్టుపని పడేసి లేచి భర్త కోసం వెతకడానికి బయల్దేరడం, పావు తక్కువ పదికి అత్తగారు రావడం, పదిన్నరకి కబురు. మధ్యలో గని దగ్గర మనుషుల్ని కిందికి దించే ఇంజను చప్పుడు వినిపించి గుండె జారిపోతే, "అబ్బే, తొమ్మిది గంటలకి దిగే డిప్యూటీలే" (గనిలో పని చూసుకునే అధికారి) అని తనకి తనే సర్దిచెప్పుకుంటుంది. మీ చిట్టాలో ఈ టైములన్నీ పడితే ఒకటి కనిపిస్తుంది. ఆవిడ తిట్టుకుంటున్న గంటలన్నీ అతను భూమి కింద ఊపిరాడక చస్తున్న గంటలో, చచ్చిపోయి పడున్న గంటలో. ఏ సింబల్ గురించీ ఒక్క మాట రాయకముందే కథలో ఉన్న క్రూరత్వం ఈ కాగితం మీదే తేలుతుంది.

మూడో అంచె: పువ్వు వెంట నడవండి

ఇప్పుడు చామంతి ఒక్కదాన్నే తీసుకుని అది కనిపించిన ప్రతిచోటూ వరసగా రాయండి. మా చిట్టాలో ఇలా వచ్చింది.

పెరట్లో దారి పక్కన గులాబీరంగు చామంతులు చెదిరిపోయి, పొదల మీద ఆరేసిన గుడ్డల్లా వేలాడుతుంటాయి. అయిదేళ్ల కొడుకు జాన్ వాటిని పీకి రేకులు దారిపొడుగునా చల్లుకుంటూ పోతాడు. అసహ్యంగా ఉంది, అలా చెయ్యకు అని తల్లి కసురుతుంది. కసిరాక జాలేసి, ఒక చిన్న కొమ్మ తుంచి మొహానికి ఆనించుకుంటుంది. ఇంటి దాకా వచ్చాక దాన్ని పక్కన పడేయబోయి, పడేయకుండా ఆప్రాన్ నడుముపట్టీలో దోపుకుంటుంది. ఇక్కడ ఆగండి. నడుముపట్టీ అంటే ఆవిడ గర్భం మీద. ఆ గర్భం సంగతి మనకి ఇంకా తెలీదు. కాసేపయ్యాక ఆవిడ దీపం వెలిగించడానికి చేతులు పైకెత్తినప్పుడు ఒకేసారి రెండూ కనిపిస్తాయి, అప్పుడప్పుడే గుండ్రబడుతున్న కడుపు, దానిమీద పువ్వు. కూతురు ఆనీ "అమ్మా, నువ్వు పువ్వు పెట్టుకున్నావ్!" అని మురిసిపోతుంది, వాసన చూస్తానంటూ తల్లి నడుం దగ్గర మొహం పెడుతుంది. తల్లి విసుగ్గా పూలు తీసేస్తుంది. "ఎంత మంచి వాసనో కదా" అని పిల్ల అంటే, తల్లి పొట్టిగా ఒక నవ్వు నవ్వి, నాకు కాదు అంటుంది. నేను అతన్ని పెళ్లాడినప్పుడు చామంతులే, నువ్వు పుట్టినప్పుడు చామంతులే, మొదటిసారి అతన్ని తాగిన మత్తులో ఇంటికి మోసుకొచ్చినప్పుడు అతని కోటు గుండీలో ఉన్నదీ గోధుమరంగు చామంతే అని చెబుతుంది.

తర్వాత చాలాసేపు పువ్వు కనిపించదు. శవాన్ని పడుకోబెట్టడానికి చలిగా, తేమగా, కుంపటి కూడా లేని ముందుగదిని సర్దుతున్నప్పుడు, కొవ్వొత్తి వెలుగులో రెండు పూలకుండీల మీద చూపు పడుతుంది. గది నిండా చామంతుల చల్లటి, చావులాంటి వాసన. చివరికి ఒక కుండీ పగలడం. అంతే, ఆ తర్వాత కథలో చామంతి లేదు.

ఇప్పుడు పరీక్ష పెట్టండి. చామంతి అన్నచోటల్లా "మరణం" అని పెట్టి చదవండి. ముందుగదిలో సరిపోతుంది. నడుముపట్టీలో? పిల్ల మురిసిపోయినచోట? సరిపోదు, కథ విరిగిపోతుంది. ఇప్పుడు "ఈ కాపురం" అని పెట్టి చూడండి. చెదిరిపోయి గుడ్డల్లా వేలాడుతున్న కాపురం, కొడుకు పీకి పారేస్తే కోపమొచ్చే కాపురం, పడేయబోయి పడేయలేక నడుముకి దోపుకున్న కాపురం, పిల్లలకి ఇంకా మంచి వాసనే వేస్తున్న కాపురం, చివరికి పరాయివాడి చెయ్యి తగిలి పగిలితే తనే కూర్చుని ముక్కలేరాల్సిన కాపురం. ఇదే ఏకైక సమాధానమని నేననను కానీ, గైడులో వాక్యం కన్నా ఎక్కువచోట్ల నిలబడుతుంది. ఒక ప్రతీకకి మీరిచ్చే అర్థం అది కనిపించిన ప్రతిచోటూ, కనీసం ఎక్కువచోట్ల, పనిచెయ్యాలి. ఒక్కచోట పనిచేసేది యాదృచ్ఛికం కావచ్చు.

ఒక చిన్న హెచ్చరిక, తెలుగువాళ్లకి ప్రత్యేకంగా. మనకి చామంతి అంటే కార్తీకం, పూజ, సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే పువ్వు. శవం మీద వేసే దండల్లోనూ ఉంటుందనుకోండి. ఈ రెండిట్లో దేన్నీ తీసుకెళ్లి లారెన్స్ నెత్తిన పెట్టకండి. ఆ కథలో చామంతికి అర్థం ఆ కథే ఇస్తోంది, ఆవిడ నోటితోనే లెక్క చెప్పిస్తోంది. ఏ నిఘంటువూ అక్కర్లేదు.

నాలుగో అంచె: శీర్షికలో రెండో మాట

అందరూ చామంతి దగ్గర ఆగిపోతారు. శీర్షికలో ఇంకో మాట ఉంది, వాసన. తెలుగు చేసేవాళ్లకి మొదట తట్టేది "పరిమళం". అది తప్పని నా అభిప్రాయం. పరిమళం అంటే బాగుందని ముందే తీర్పిచ్చేశాం. కంపు అంటే ఇటువైపు తీర్పు. ఆ ఇంగ్లిష్ మాట ఎటూ కాకుండా ఉంది, ఎందుకంటే కథలో కూతురికి అది మంచి వాసన, తల్లికి కాదు. "వాసన" అంటే సరిగ్గా కుదురుతుంది, పైగా మన మాటకి ఇంకో అదృష్టం ఉంది. పూర్వజన్మ వాసన అంటాం, అంటే వెనకటి అనుభవం మనసుకి అంటుకుని వదలకపోవడం. ఎలిజబెత్‌కి చామంతి చేసేది అదే. చామంతి ఆకు నలిపి చూసినవాళ్లకి తెలుసు, అది తియ్యటి వాసన కాదు, కొంచెం చేదుగా, మందులా ఉంటుంది, చేతికి అంటుకుంటే కడిగినా కాసేపు పోదు.

వాసనకి ఇంకో గుణం, చీకట్లోనూ తెలుస్తుంది, చూడనక్కర్లేదు. దీన్ని జేబులో పెట్టుకుని తర్వాతి అంచెకి రండి.

అయిదో అంచె: వెలుతురు ఎక్కడ, ఎంత?

మళ్లీ చిట్టా, ఈసారి నిప్పు, దీపం, కొవ్వొత్తి, చీకటి. వంటింట్లో పొయ్యి ఎర్రగా మండుతుంటుంది. ఆనీ ఆ నిప్పుల్లోకి చూస్తూ, ఎంత ఎర్రగా ఉందో, లోపల చిన్న చిన్న గుహలున్నాయి అంటుంది. చదువుతున్నప్పుడు ముచ్చటేసే మాట, తండ్రి ఆ క్షణాన ఎలాంటి గుహలో ఉన్నాడో తెలిశాక మళ్లీ చదవలేం. కాసేపటికి తల్లి నిప్పుల మీద బొగ్గు వేస్తుంది, గది చీకటైపోతుంది, కొడుకు "నాకు కనపడట్లేదు" అని అరుస్తాడు. ఇంటికి వెలుగూ వేడీ ఇచ్చేది బొగ్గే, వేసిన వెంటనే చీకటి చేసేదీ బొగ్గే, ఇంటాయన్ని మింగినదీ ఆ బొగ్గే. రచయిత ఇదంతా ఎక్కడా చెప్పడు, పొయ్యిలో బొగ్గు వేయిస్తాడంతే.

వంటింట్లో దీపం, ముందుగదిలో ఒక్క కొవ్వొత్తి. వెలుతురు తగ్గినకొద్దీ ఆవిడకి స్పష్టంగా కనిపించడం మొదలవుతుంది, ఇది తిరకాసు. శవం ముందు నిలబడి ఆవిడ అనుకునేదేమిటంటే, తామిద్దరూ చీకట్లో కలిశారు, చీకట్లోనే కొట్లాడుకున్నారు, ఎవరిని కలుస్తున్నామో ఎవరితో కొట్లాడుతున్నామో ఒకరికొకరు తెలియకుండా. ఇన్నాళ్లూ లేని మొగుడితో పోట్లాడానని. ఇప్పుడు వాసన సంగతి బయటికి తీయండి. ఇన్నేళ్లూ ఆవిడకి భర్త ఒక వాసనగా తెలుసు, మనిషిగా కనపడలేదు.

ఆరో అంచె: మొదటి పేరాకి వెనక్కి వెళ్లండి

ఇది చాలామంది వదిలేసే పని. కథ మొత్తం చదివాక మొదటి పేరా మళ్లీ చదవాలి. నాలుగో నంబరు చిన్న ఇంజను, ఏడు నిండు వ్యాగన్లతో, తడబడుతూ చప్పుడు చేసుకుంటూ వస్తుంటుంది. వేగంగా వస్తున్నట్టు బెదిరింపేగానీ, దానికి బెదిరిన గుర్రప్పిల్ల పరుగులో దాన్ని సులువుగా దాటేస్తుంది. పట్టాల పక్కన నడుస్తున్న ఒక స్త్రీ కంచెలోకి ఒదిగి, బుట్ట పక్కకి పెట్టుకుని, నల్లటి వ్యాగన్లకీ కంచెకీ మధ్య ఇరుక్కుని నిలబడుతుంది. ఆవిడ పేరు తెలీదు, మళ్లీ కథలో రాదు. వాల్టర్ ఎలా చచ్చాడో చివర్లో తోటి కార్మికులు చెప్పేది గుర్తుచేసుకోండి. రాయి అతని మీద పడలేదు, ఒంటి మీద గాటు కూడా లేదు, వెనక కూలి దారి మూసేసింది, ఎలుకలబోనులో పడ్డట్టు. ఊపిరాడక పోయాడు. మొదటి పేరాలో ఇరుక్కున్న స్త్రీ, చివర్లో ఇరుక్కుని చచ్చిన పురుషుడు, మధ్యలో ఆ ఇంట్లో ఇరుక్కున్న ఎలిజబెత్. ‘ఇంగ్లిష్ రివ్యూ’ సంపాదకుడు ఫోర్డ్ మాడాక్స్ హ్యూఫర్ ఈ ప్రారంభాన్ని చూసే ఈ కుర్రాడు రచయిత అని తేల్చుకున్నానని తర్వాత రాసుకున్నాడు.

గుర్రప్పిల్ల కూడా ప్రతీకేనా? యంత్రం కన్నా ప్రాణమున్నదే వేగం అని రాయొచ్చు. నేనైతే ఒక్క వాక్యంలో రాసి వదిలేస్తాను, ఎందుకంటే అది తిరిగి రాదు.

ఏడో అంచె: నోటి మాటల్ని వస్తువుల్లాగే చూడండి

ఈ కథలో నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది ఇదే, గైడుల్లో మాత్రం అరలైను కూడా దొరకదు. అప్పట్లో గని దగ్గర స్నానాలగదులుండేవి కాదు. మగాడు ఒళ్లంతా బొగ్గుతో ఇంటికొచ్చి పొయ్యి ముందు కడుక్కునేవాడు, పెళ్లాం వీపు రుద్దేది. కోపంలో ఎలిజబెత్ ఏమంటుందో చూడండి. ఆ గని మురికితో దొర్లుకుంటూ ఇక్కడికి రానక్కర్లేదు, నేను కడగను, నేలమీద పడుంటాడు. పిల్లలతో ఇంకోమాట, అతను వస్తే మోసుకొస్తారు, కట్టెదుంగలా.

ఒక్కో మాటా జరుగుతుంది. మోసుకొస్తారు. కట్టెదుంగలాగే ఉంటాడు. నేలమీదే పడుకోబెడతారు, ముక్క తివాచీ పాడవకుండా కింద గుడ్డ పరిచి. చివరికి కడగనన్న మనిషే, అత్తగారితో కలిసి, కడుగుతుంది. "నోట్లోంచి మంచి మాట రానీ, తథాస్తు దేవతలు వింటారు" అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అంటారు చూశారా, లారెన్స్‌కి తథాస్తు దేవతలు తెలిసే అవకాశం లేదు, కానీ కథ కట్టింది మాత్రం అలాగే. మీ కాగితంలో ఒకవైపు ఆవిడ అన్న మాటలు, ఎదురుగా అవి నిజమైన చోటు రాసుకోండి.

ఇక ఆ కడగడం. ఇది ప్రతీక అనే ముందు పనిగా చూడండి. ఇద్దరాడవాళ్లు, ఒక కొవ్వొత్తి, బరువుగా ఉన్న ఒళ్లు. తల్లి ఏడుస్తూ అతని చిన్నప్పటి నవ్వు గుర్తుచేసుకుంటుంటుంది, ఆవిడకి కొడుకు తిరిగొచ్చేశాడు. భార్యకి రాలేదు. బొగ్గు పోయి తెల్లటి ఒళ్లు బయటపడ్డకొద్దీ ఇతను నాకు ఎప్పుడూ పరాయివాడే అని తెలుస్తుంటుంది. కడుపులో బిడ్డ మంచుగడ్డలా బరువెక్కుతుంది. ఒకే శవం, ఒకే నీళ్లు, ఇద్దరికీ రెండు అర్థాలు. ప్రతీక ఎవరి కళ్లతో చూస్తున్నామన్నదాన్ని బట్టి మారుతుందని చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు. మీ వ్యాసంలో ఎక్కువ చోటు దీనికివ్వండి.

ఎనిమిదో అంచె: కొట్టేయండి

చిట్టాలో ఇప్పటికి ముప్పై వస్తువులుంటాయి. సగం పైన కొట్టేయాలి. నేను వాడే కొలత సులువు. తిరిగి వస్తోందా? కనీసం రెండోసారికి మారి వస్తోందా? చామంతి మారింది, పెరట్లోంచి నడుముకి, అక్కడ్నుంచి శవం గదికి. వెలుతురు మారింది. క్యాబేజీలు మారలేదు, కొట్టేయండి. ఎలుకలు? పెరట్లో ఎలుకలు, చివర్లో ఎలుకలబోను అనే పోలిక, ఇది ఉంచొచ్చు. ఇంటికప్పుని గోళ్లతో రక్కుతున్నట్టున్న తీగ వాతావరణం, ఒక్క ముక్కలో సరి. పొరుగాయన రిగ్లీ కణత మీద బొగ్గుపొడి దిగిపోయి పచ్చబొట్టులా నీలంగా మిగిలిన మచ్చ నాకు చాలా ఇష్టం. ఒకేసారి వస్తుంది కాబట్టి నా కొలత ప్రకారం కొట్టేయాలి, కానీ మనసొప్పక ఉంచాను. మా అమ్మాయి (అదే, చెల్లెలి కూతురు) మాత్రం నిర్దాక్షిణ్యంగా కొట్టేసింది.

తొమ్మిదో అంచె: రచయిత జీవితం, చివర్లో, కొంచెమే

లారెన్స్ 1885లో ఈస్ట్‌వుడ్‌లో పుట్టాడు, తండ్రి గని కార్మికుడు, తల్లీతండ్రుల మధ్య సఖ్యత లేదు. వాళ్ల బాబాయి ఒకాయన బ్రిన్స్‌లీ గనిలో పోయాడు, కథలో కనిపించేదీ ఆ గనే. ఇవి తెలిస్తే మంచిదే, కానీ ముందే చదివితే ప్రతి వస్తువూ "వాళ్లమ్మ", "వాళ్ల నాన్న" అయిపోతుంది, కథ గాలికి పోతుంది. జీవితకథ కన్నా ఉపయోగపడేది ఇంకోటుంది. ఆయన ముగింపుని మళ్లీ మళ్లీ తిరగరాశాడు, శవం ముందు ఎలిజబెత్ ఆలోచనలు ఒక్కో రూపంలో ఒక్కోలా ఉంటాయి. చామంతి చోటు మార్చడం కాదు, ఆవిడకి ఏం అర్థమైందన్నదే ఆయన్ని వేధించింది. మీరూ అక్కడే ఎక్కువసేపు నిలబడాలి.

పదో అంచె: రాయడం

"చామంతి ఫలానాదానికి ప్రతీక" అని మొదలెట్టకండి. ఒక సన్నివేశంతో మొదలెట్టండి, పూలకుండీ పగిలిన చోటైతే నయం. ఆవిడ శవం వైపు ఎందుకు చూడలేదు, పూలు ముందు ఎందుకు ఏరింది అని అడగండి, అక్కడ్నుంచి వెనక్కి నడుముపట్టీ దాకా, పెరటి దాకా వెళ్లండి. తర్వాత వెలుతురు, తర్వాత నిజమైన మాటలు, చివరికి కడగడం. "సూచిస్తుంది", "ప్రతిబింబిస్తుంది" లాంటి క్రియలు పేజీకి ఒకటి మించితే తీసేసి, ఆ చోట ఎవరు ఏం చేశారో రాయండి.

ముగింపు పేరా దగ్గర అందరికీ టెన్షన్. కథ ఎలా ముగుస్తుందో చూడండి. శవానికి బట్టలేశాక, పిల్లలు చూడకుండా ముందుగది తలుపుకి తాళం వేసి, ఆవిడ వెళ్లి వంటిల్లు సర్దుతుంది. తనకిప్పుడు యజమాని బతుకే అని తెలుసు, ఆఖరి యజమాని చావు దగ్గర మాత్రం భయంతో, సిగ్గుతో ముడుచుకుపోతుంది. అక్కడ చామంతి లేదు. మా అమ్మాయి తన వ్యాసాన్ని ఆ తాళం దగ్గర ఆపింది. నేనింకో పేరా రాయమన్నాను, వినలేదు.